ఎడమకి వాలిన కుట్టు

మొదటి దేశం,
స్టేషన్ వీధి, మూడో అంతస్తు గది.

వదినకి,

గుండీ నమస్కారాలు. చేరాను. చేరగానే రాయమన్నావు కాబట్టి పెట్టె కూడా విప్పకుండా రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే మెషీన్ల చప్పుడుకి నీ చెవులు సగం పోయాయి. నీకు వినపడేలా అరిస్తే ఈ మూడో అంతస్తంతా లేచి వస్తుంది. మనకి ఉత్తరాలే దిక్కు.

నువ్వు చెప్పినట్టే ఎవర్నీ నమ్మలేదు. విమానంలో పక్క సీటావిడ బిస్కెట్లు ఇవ్వబోతే వద్దన్నాను. ఆవిడే తిని, హాయిగా నిద్రపోయింది. అది మామూలు నిద్రో, మత్తో తేల్చుకోలేక దిగేదాకా ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు లేచి, జుట్టు సర్దుకుని, నాకు నవ్వుతూ చెయ్యూపి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆకలితో దిగాను.

గది యజమానురాలు పాస్‌పోర్టు అడిగింది. చేతికి ఇవ్వకుండా నేనే పట్టుకుని చూపించాను. ఆవిడ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని కాసేపు లాక్కున్నాం. చివరికి ఆవిడే వదిలేసి నా వంక అదోలా చూసింది. గదిలో ఇనప మంచం, బల్ల, కిటికీ కింద వేడినీళ్ళ గొట్టం ఉన్నాయి. తలుపు గడియ వదులుగా ఉంది. కుర్చీ అడ్డం పెట్టి, కుర్చీ మీద పెట్టె పెట్టాను. బాత్రూంకి వెళ్ళాల్సి వస్తే అన్నీ తీసి, మళ్ళీ అన్నీ పెట్టాలి.

నలభై ఎనిమిదేళ్ళ మనిషివి, ఒంటరిగా నాలుగు దేశాలేమిటని నువ్వు నెల్లాళ్ళు సాధించావు. అప్పుడు చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను. నా వయసులో సగానికి పైగా మన దుకాణంలో చలికోట్లు కత్తిరించాను. కొన్నవాళ్ళు విమానం ఎక్కి పోతారు. ఆ కోటు అక్కడ ఏం చేస్తుందో నాకు తెలీదు. ఇవాళ తెలిసింది. వీధి మలుపు తిరగ్గానే గాలి మెడ వెనక నుంచి దూరింది. మనం కాలరు అరంగుళం తక్కువ పెడుతున్నాం వదినా. ఇన్నేళ్ళూ ఎంతమంది మనల్ని తిట్టుకున్నారో పాపం.

నా కటింగ్ బల్ల మీద ఎవరినీ చాయ్ గ్లాసులు పెట్టనివ్వకు. కత్తెర ఎవరికీ ఇవ్వకు. టికెట్ల ఆయన దగ్గర నేను దిగే చోట్ల చిరునామాలన్నీ ఉన్నాయి. జవాబు రెండో దేశానికి రాయి.

గుండీ


దుకాణం నుంచి.

గుండీకి,

నీ వదిన ఆశీస్సులు. నేను బాగున్నానని రాయడం ఆచారం కాబట్టి బాగున్నాను.

కాలరు సంగతి చదివాను. ఆ ఒక్క ముక్కా నమ్మాను. మిగతాది ఇంకా నమ్మలేదు. చిరునామాల కోసం టికెట్ల ఆయన దగ్గరికి వెళ్తే గోడ మీద పటం చూపించాడు. నువ్వు ఎంచుకున్న నాలుగూ చలి దేశాలే. నాలుగింటిలోనూ కోట్ల ఫ్యాక్టరీలు ఉన్నాయట. "సరదాగా తిరిగేవాళ్ళు సముద్రాలూ కొండలూ చూస్తారమ్మా, ఈవిడ అడిగి మరీ ఈ ఊళ్ళే పెట్టించుకుంది" అన్నాడు. 

మీ అన్న పోయింది కూడా అలాంటి ఫ్యాక్టరీకే కదా. ఏ దేశమో మనకి సరిగ్గా చెప్పలేదు. రెండు ఉత్తరాలు రాశాడు. తర్వాత అయిపూ అజా లేదు. తొమ్మిదేళ్ళయింది. నాకు ఆయన లేడు. ఆయన కుర్చీని మన ఇస్త్రీ ఆయనకి ఎప్పుడో ఇచ్చేశాను. నువ్వు గనక ఆయన్ని వెతకడానికి వెళ్ళుంటే ఇప్పుడే చెప్పు. చలి చూడ్డానికి వచ్చాను, కాలరు కొలవడానికి వచ్చాను అని నా చెవిలో పువ్వు పెట్టకు. ఆయన నీకు అన్న. నేను బయటినుంచి వచ్చినదాన్ని. ఆయన కనబడి "ఇక్కడే ఉండిపో చెల్లాయ్" అంటే నువ్వు ఏం చేస్తావో నాకు తెలీదు. తెలీకే అడుగుతున్నాను.

ఇంకో మాట. బల్ల ఖాళీగా పెట్టుకుంటే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. కొత్త కటింగ్ మాస్టర్ని పెట్టాను. బట్టతలాయన. మాట తక్కువ, చెయ్యి శుభ్రం. గుడ్డ వృథా చెయ్యడు. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టడు, కింద పెట్టుకుని కాలితో తన్నుకుంటాడు.

ఎవరైనా వెంట పడుతున్నట్టు అనిపిస్తే వెనక్కి చూడకు, నేరుగా గదికి వచ్చి తలుపేసుకో.

నీ వదిన


రెండో దేశం,
లాండ్రీ పక్క మేడ, రెండో అంతస్తు.

వదినకి,

అన్నయ్య కోసం రాలేదు. ఇంకెన్నిసార్లు చెప్పాలి? ఆ ఊళ్ళు ఎందుకు పెట్టించుకున్నానంటే, మన కోట్లు కొన్నవాళ్ళు ఎక్కువమంది వెళ్ళింది ఆ ఊళ్ళకే. టికెట్ల ఆయన ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆయన మాట పట్టుకుని నన్ను దొంగని చేస్తావా?

అది సరే. బట్టతలాయన అన్నావు, ఎన్నాళ్ళకి పెట్టావో రాయలేదు. నేను వచ్చాక ఆయన ఎక్కడ కూర్చుంటాడు? మన దుకాణంలో ఉన్నది ఒకటే బల్ల. "గుడ్డ వృథా చెయ్యడు" అన్నది నన్ను పొడవడానికే రాశావని నాకు తెలుసు. పోయినేడు ఆ బూడిదరంగు గుడ్డ పాడుచేసిన సంగతి నువ్వు చచ్చినా మర్చిపోవు. నేను ఇల్లు దాటి నెల తిరగలేదు, అప్పుడే నా చోట మనిషి వచ్చేశాడు. నేను తిరిగి రానని నువ్వే ముందు అనుకున్నావేమో.

ఇక్కడ ఊరు బాగుంది. వీధులు సన్నం, మేడలు ఎత్తు. కింద లాండ్రీలో పెద్ద పెద్ద మెషీన్లు గుండ్రంగా తిరుగుతుంటాయి. ఆ చప్పుడు వింటే మన దుకాణంలో ఉన్నట్టే ఉంటుంది. నిన్న నా ఉన్ని బట్టలు ఉతకడానికి వేశాను, ఎవరూ ఎత్తుకుపోకుండా అయ్యేదాకా అక్కడే నుంచున్నాను.

నువ్వు కంగారు పడనంటే ఒకటి చెబుతాను. నిన్నటినుంచి ఒక గోధుమరంగు కోటు మనిషి నా వెంట పడుతున్నాడు. పొడుగ్గా ఉంటాడు, టోపీ కిందికి లాక్కుంటాడు. మార్కెట్లో వెనక్కి తిరిగితే ఉన్నాడు. పోస్టాఫీసు మెట్ల దగ్గర ఏదో పిలిచాడు. భాష తెలీదు కదా, నడక పెంచాను. వాడూ పెంచాడు. కోటు మాత్రం మంచిది, భుజం దగ్గర ఎక్కడా ముడత లేదు. దొంగ అయితే అంత మంచి కోటు ఎక్కడిది అని ఒక ఆలోచన, దొంగ కాబట్టే ఉంది అని ఇంకో ఆలోచన.

ఇప్పుడు కిటికీలోంచి చూస్తే ఎదురు మూల మీదే నుంచుని ఉన్నాడు. ఈ ఉత్తరం డబ్బాలో వేసి రావాలి. పట్టపగలే కదా, ఏం చేస్తాడు?

గుండీ


రెండో దేశం,
అదే గది.

వదినకి,

ఇంకో వారం పది రోజులు ఈ ఊళ్ళోనే ఉంటాను. ఊరు నచ్చింది. బస్సులో రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. ఎక్కువ రాయలేను. తిండికి లోటు లేదు. నువ్వు మూడో దేశానికే రాయి.

గుండీ


దుకాణం నుంచి.

గుండీకి,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. ఒకటి నాలుగు పేజీలు, ఇంకోటి నాలుగు వరసలు. రెండూ పక్కపక్కన పెట్టుకుని పొద్దున్నించీ చూస్తున్నాను.

మొదటిదాంట్లో ఎవడో గోధుమరంగు కోటు మనిషి నీ వెంట పడుతున్నాడు. రెండోదాంట్లో వాడి ఊసే లేదు. నీ సంగతి నాకు తెలీదా? మన వీధిలో కుక్క వెంటపడితే దాని రంగు, తోక, అది ఎవరి ఇంటిదో వారం రోజులు చెప్పే మనిషివి నువ్వు. మనిషి వెంటపడితే ఒక్క ముక్క రాయవా? పైగా ఊరు నచ్చిందట. పొద్దున భయపడిన ఊరు సాయంత్రానికి ఎలా నచ్చింది?

పొడుగ్గా ఉన్నాడన్నావు. కోటు భుజం దగ్గర ముడత లేదన్నావు. భుజం అలా ఎక్కించగలిగినవాడు నా ఎరుకలో ఒక్కడే ఉన్నాడు. పోస్టాఫీసు మెట్ల దగ్గర ఏదో పిలిచాడన్నావు. ఏమని పిలిచాడు గుండీ?

బస్సులో రాశానంటావు. బస్సు కుదిపితే అక్షరాలు అటూ ఇటూ గెంతాలి. ఇవి అన్నీ ఒక్క పక్కకే వాలి ఉన్నాయి, ఎడమకి. ఇస్త్రీ ఆయనకి చూపిస్తే "కోడి గీకినట్టుందమ్మా" అన్నాడు. ఈ ఇంట్లో కోడి గీకినట్టు రాసేవాడు ఎవడో ఇస్త్రీ ఆయనకి తెలీదు. నాకు తెలుసు.

నీళ్ళు నమలకుండా జవాబు రాయి. బట్టతలాయన ఎన్నాళ్ళుంటాడని అడిగావు. నువ్వు ఎప్పుడొస్తావో చెబితే అది నేను చెబుతాను.

నీ వదిన


మూడో దేశం,
కాలవ ఒడ్డు సత్రం, పై గది.

వదినకి,

రైల్లో ఈ ఊరు వచ్చాను. ఈ ఉత్తరం కూడా కుదుపులోనే రాశాను. ఆ మనిషి సంగతి ఏమీ లేదు, వాడు దొంగ కాడు. అంతే.

నీకో ఉన్ని గుడ్డ పంపుతున్నాను. మెడకి చుట్టుకో. అంచులు నేనే మడిచి కుట్టాను. ఎలా ఉందో రాయి. నిజంగా ఎలా ఉందో రాయి.

గుండీ


దుకాణం నుంచి.

గుండీకి అని రాస్తున్నాను, చదివేది ఎవరో తెలీదు.

గుడ్డ అందింది. మంచి ఉన్ని. ముందు సంతోషంగానే మెడకి చుట్టుకున్నాను. తర్వాత అలవాటు కొద్దీ అంచు తిప్పి చూశాను. చూసి బల్ల మీద పరిచి, దీపం దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

కుడిచేత్తో అంచు కుట్టినవాళ్ళ కుట్టు ఒక పక్కకి వాలుతుంది. నీది అలాగే వాలుతుంది, నాదీ అంతే, బట్టతలాయనదీ అంతే. ఇది రెండో పక్కకి వాలింది. నాలుగంచులూ అలాగే ఉన్నాయి. ఎడంచేతివాటం మనిషి తప్ప ఎవరూ అలా కుట్టరు. నాకు పెళ్ళయిన కొత్తలో "మీ కుట్టు నా కుట్టుకి ఎదురు తిరుగుతోంది" అని మీ అన్నని ఏడిపించేదాన్ని. ఒకే కోటుకి చెరో అంచు కుడితే మధ్యలో రెండూ పోట్లాడుకుంటున్నట్టు ఉండేవి. ఆ కుట్టు నాకు కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తుంది.

కొంచెం చెయ్యి వణికింది. కొన్నిచోట్ల దగ్గరగా, కొన్నిచోట్ల దూరంగా పడింది. వయసు మీద పడింది కదా మరి.

ఉత్తరం రాసేదీ ఎడంచెయ్యే, గుడ్డ కుట్టిందీ ఎడంచెయ్యే. "నేనే కుట్టాను" అని నీ పేరు పెట్టి రాయడానికి ఎంత ధైర్యం. లేదా నీ పక్కన కూర్చుని ఆయన రాస్తుంటే నువ్వు నవ్వుతున్నావా?

నాకు ఒకటే దారి కనబడింది. నువ్వు బయల్దేరే ముందు రోజు నీ కోటు నా దగ్గరే ఉంది. లైనింగ్ కింద నేనొకటి కుట్టాను. కోటు తొడుక్కున్న మనిషికి తప్ప ఇంకెవరికీ అదేమిటో తెలీదు. అదేమిటో రాయి. రాస్తే నువ్వే అని నమ్ముతాను, కాళ్ళు పట్టుకుంటాను.

వదిన


మూడో దేశం.

వదినకి,

పరీక్షలు పెడితే రాసే వయసు కాదు నాది. నీ కోసం గుడ్డ కుట్టి పంపితే దాన్ని దీపం కింద పెట్టి దొంగసరుకులా చూశావు. చెయ్యి వణికిందట. బాగుంది.

నేను నేనే. నమ్మితే నమ్ము, లేకపోతే నీ బట్టతలాయన్ని నమ్ముకో. నాలుగో దేశానికి వెళ్ళేదాకా రాయను.

గుండీ


దుకాణం నుంచి.

గుండీ పేరు మీద పంపుతున్నాను గానీ ఈ ఉత్తరం గుండీకి కాదు. గుండీ, ఇది నీ చేతికి వస్తే చదవకుండా పక్కనున్న మనిషికి ఇచ్చెయ్.

ఏమండీ,

ఇన్నేళ్ళకి ఈ మాట రాస్తున్నాను. కోపంతోనే లెండి, ఇంకేమీ అనుకోకండి.

లైనింగ్ కింద ఏముందో మీరు చెప్పలేకపోయారు. అక్కడ ఏమీ లేదు. నేనేమీ కుట్టలేదు. గుండీ అయితే వెంటనే కోటు చింపి చూసి "ఏమీ లేదు, నీకు మతి పోయింది వదినా" అని రాసేది. అలక నటించి తప్పించుకున్నది మీరే. మీకు మొదటినుంచీ కప్పదాట్లు అలవాటే.

మీరెందుకు పోయారో అడగను. ఎందుకు రాయలేదో కూడా అడగను. ఆ ప్రశ్నలన్నీ మొదట్లో గోడని అడిగాను. అన్నం మానేశాను, దుకాణం తలుపు తియ్యలేదు. ఒకరోజు మీ చెల్లెలు సగం కుట్టిన కోటు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "కాజాలు కుట్టు, రేపు ఇవ్వాలి" అంది. ఏడుస్తూ కుట్టాను. చూసి, బాగా లేవు, విప్పి మళ్ళీ కుట్టమంది. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ కోపంతోనే లేచి నుంచున్నాను. ఆ రోజునుంచి ఈ రోజు దాకా ఈ దుకాణం నడిచిందంటే అది కత్తిరించింది, నేను కుట్టాను. చెవులు పోయాక గిరాకీ మాటలు నాకు సైగ చేసి చెప్పింది అదే. నాకు వినబడక తప్పు కొలత రాసుకుంటే తనే తప్పు చేసినట్టు వాళ్ళ దగ్గర ఒప్పుకునేది. పోయినేడు బూడిదరంగు గుడ్డ పాడైంది నా వల్లే. దాని మీద తోసేశాను, అది ఊరుకుంది.

మీరు తిరిగి వస్తానంటే రండి, మానేస్తే మానెయ్యండి. మొగుడు లేకుండా బతకడం నాకు అలవాటైంది. గుండీ లేకుండా అలవాటు లేదు. దాన్ని అక్కడ ఉంచుకోకండి. మీకు అది చెల్లెలు కావచ్చు. నాకు ఏమవుతుందో చెప్పడానికి వరస చాలదు.

మీరు వినరని తెలుసు. అందుకే అక్షరాలు వాలిన ఆ నాలుగు వరసల ఉత్తరం చూసినప్పుడే పాస్‌పోర్టుకి పెట్టాను, వచ్చింది. టికెట్ల ఆయన దగ్గర నాలుగో దేశానికి టికెట్ కొన్నాను. వీధి చివరి బస్సు కూడా ఒంటరిగా ఎక్కని మనిషినని మీకు తెలుసు కదా, అయినా వస్తాను. మీ ఇద్దర్నీ ఒకేచోట పట్టుకుంటాను.

దానికి మాత్రం ఇందులో ఏ ముక్కా చెప్పకండి. నెత్తికెక్కుతుంది.

మీ భార్య


నాలుగో దేశం,
హార్బర్ దగ్గర గది.

వదినా,

నెత్తికెక్కింది.

పక్కనున్న మనిషికి ఇచ్చెయ్యమన్నావు. పక్కన ఎవరూ లేరు. మొదటినుంచీ ఎవరూ లేరు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ ఉన్నాయి. కుర్చీ మీద నేను కూర్చుని నీ ఉత్తరం చదివాను, మళ్ళీ చదివాను, కింద రిసెప్షన్ ఆవిడ నా ఏడుపు విని పైకి వచ్చి తలుపు కొట్టింది. తీశాను. ఈమధ్య ఎవరు కొట్టినా తలుపు తీస్తున్నాను.

ఈ ఉత్తరం రోజుకి కొంచెం చొప్పున రాస్తున్నాను. ఎడంచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి పని చెయ్యడం లేదు.

రెండో దేశంలో ఆ ఉత్తరం డబ్బాలో వేసి తిరిగి వస్తుంటే గోధుమరంగు కోటు మనిషి మళ్ళీ వెంటపడ్డాడు. పిలుస్తూ పరిగెత్తాడు. నువ్వు చెప్పినట్టు నేరుగా మేడలోకి దూరి వీధి తలుపు లాగాను. బరువైన ఇనప తలుపు. రెండు చేతులతో బలమంతా పెట్టి లాగాను. కుడిచెయ్యి తియ్యడం మర్చిపోయాను. చూపుడువేలు, మధ్యవేలు తలుపుసందులో నలిగిపోయాయి.

తలుపు తీసింది వాడే. నా చెయ్యి తన మఫ్లరుతో చుట్టింది వాడే, ఆస్పత్రికి మోసుకెళ్ళినంత పని చేసింది వాడే. డాక్టరు కట్టు కడుతున్నంతసేపూ పక్కనే కూర్చున్నాడు. అంతా అయ్యాక జేబులోంచి నా ఊలు గ్లౌజు ఒకటి తీసి ఒళ్ళో పెట్టాడు. కింద లాండ్రీ వాడిదే. గ్లౌజు నేను మెషీను మీద వదిలేసి వచ్చాను. అది ఇవ్వడానికే రెండు రోజులు ఊరంతా నా వెనక తిరిగాడు. పోస్టాఫీసు మెట్ల దగ్గర పిలిచింది కూడా అందుకే.

నీకెందుకు రాయలేదంటావా? అదే రోజు ఉదయం నీ ఉత్తరం నాలుగోసారి చదివాను. "చెయ్యి శుభ్రం, గుడ్డ వృథా చెయ్యడు." డాక్టరేమో ఆ రెండు వేళ్ళూ ఇక పూర్తిగా ముడుచుకోవని చెప్పాడు. కోట్ల గుడ్డ కోసే కత్తెరలో అవి దూరవు. వదినకి కావలసింది కటింగ్ చేసే మనిషి, ఆ మనిషి దొరికాడు, ఇక నేనెందుకు అనిపించింది. నీకు నేను వదిలేస్తానని అనుమానం. నాకు నువ్వు ఉంచుకోవని అనుమానం. ఇద్దరం ఒకరికొకరం దొంగల్లా ఉత్తరాలు రాసుకున్నాం.

కట్టు విప్పాక ఎడంచేత్తో సూది పట్టాను. కుట్టినదానికంటే వేలికి గుచ్చుకున్నదే ఎక్కువ. ఆ ఉన్ని గుడ్డ నాలుగు అంచులూ అలా కుట్టినవే. నువ్వు చూసి, బాగా లేవు, విప్పి మళ్ళీ కుట్టు అంటే నా పని అయిపోయినట్టే అనుకున్నాను. బాగుంది అంటే ఇంకా ఆశ ఉన్నట్టు. నువ్వు రెండూ అనలేదు. అన్నయ్య కుట్టింది అన్నావు. కోపంతో ఊగిపోయాను గానీ, నీ ఉత్తరం వచ్చాక తట్టింది. అన్నయ్య కుట్టు అనుకున్నావంటే, పనికొచ్చేలాగే ఉందన్నమాట.

కోటు సంగతి కూడా చెబుతున్నాను. పరీక్ష రాయనని బింకంగా రాశానే గానీ, ఉత్తరం వేసి వచ్చి లైనింగ్ మొత్తం చింపాను. తడిమి తడిమి చూశాను. ఏమీ లేదు. నీకు మతి పోయింది వదినా.

నిజం చెప్పమంటే ఇదీ నిజమే. అన్నయ్య కోసం రాలేదు. కానీ ప్రతి ఊళ్ళోనూ మగవాళ్ళ కోట్ల భుజాల వంక చూశాను. ఎక్కడా కనబడలేదు. నువ్వు ఆయనకి రాసిన ఉత్తరం ఆయన ఎప్పటికీ చదవడు. నేను చదివినందుకు తిట్టు, పడతాను.

బట్టతలాయన్ని ఉండనీ. టికెట్ వాపసు ఇచ్చెయ్. ఇక్కడ పట్టుకోవడానికి నీకు ఎవరూ లేరు. నేనే వచ్చేస్తాను. వచ్చి నీకు ఏం పనికొస్తానో తెలీదు.

గుండీ


దుకాణం నుంచి.

గుండీకి,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత లోపలికి వెళ్ళి ఏడ్చాను. మీ అన్న నాకు రెండోసారి పోయాడు. మొదటిసారి నెలలు పట్టింది, ఈసారి ఒక్క పూటే పట్టింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నీకు కాబట్టి చెబుతున్నాను.

ఇంతకాలం గుడ్డ చూసి మనిషిని చెప్పగలనని నాకు మహా గర్వం. ఎడమకి వాలిన కుట్టు చూసి మొగుణ్ణి గుర్తుపట్టాను గానీ, కుడిచెయ్యి ఏమైందో అన్న ఆలోచన నా బుర్రకి తట్టనే లేదు. కన్నూ మిన్నూ కానకుండా అనుమానపడ్డాను. నా తలుపు సలహా వల్లే నీ వేళ్ళు పోయాయి.

బట్టతలాయన్ని తియ్యను. ఉన్నమాట చెబుతున్నాను, ఆయన కత్తెర బాగా ఆడిస్తాడు. కానీ మనిషిని చూసి ఎక్కడ వదలాలో, ఎక్కడ బిగించాలో ఆయనకి తెలీదు. నిన్న ఒకావిడకి చంక దగ్గర ఊపిరాడకుండా కోశాడు. గీతలు నువ్వు గియ్యి, ఆయన కోస్తాడు. చాక్ పట్టడానికి ఏ చెయ్యైనా ఒకటే. నీ ఉన్ని గుడ్డ అంచు రెండుచోట్ల వదులుగా ఉంది, విప్పి మళ్ళీ కుట్టాలి. మిగతాది బాగుంది.

టికెట్ వాపసు ఇవ్వడానికి వెళ్ళాను. టికెట్ల ఆయన "మనసు మారిందా అమ్మా" అన్నాడు. మారలేదని చెప్పి వెనక్కి వచ్చేశాను. నేను వస్తున్నాను. నువ్వు రావడానికి వీల్లేదు, అక్కడే ఉండు. నాలుగో దేశం నువ్వింకా సరిగ్గా చూడలేదు, నేను ఏదీ చూడలేదు. పెట్టె సర్దుకున్నాను. ఇస్త్రీ ఆయనకి తాళాలు ఇచ్చాను. పక్క సీటువాళ్ళు బిస్కెట్టు ఇస్తే తీసుకోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. ఆ లాండ్రీ మనిషి సంగతి కూడా నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఒక గ్లౌజు కోసం రెండు రోజులు ఎవడు తిరుగుతాడు? వచ్చాక అడుగుతాను.

విమానాశ్రయానికి రా. జనం ఎక్కువగా ఉంటారట. పేరు పెట్టి అరవకు, నాకు వినబడదు. నాకు కనబడేలా చెయ్యెత్తు. మంచి చెయ్యి కాదు, దెబ్బ తగిలినదే ఎత్తు. ముందు దాన్ని చూస్తాను. తర్వాత నిన్ను తిడతాను.

నీ వదిన